బీరువాలో సంగీతం

సంగీతం చెవితో వినవలసిందే గాని పుస్తకాల్లో వెతకవలసింది కాదని మనలో చాలామంది అభిప్రాయం. ఆనందించడం మట్టుకైతే ఆ మాట నిజమే. కాని ఫలానా పాట ఎవరు వ్రాశారు, ఇప్పుడు మనం వింటున్న వరస ఎవరు కట్టారు అన్న ప్రశ్న వచ్చినప్పుడు చెవి జవాబు చెప్పలేదు. కాలేజీ లైబ్రరీ గడప తొక్కక తప్పదు.

డ్యూయీ పద్ధతిలో పుస్తకాలు సర్దిన లైబ్రరీలో సంగీతానిది 780వ అంకె. మా కాలేజీలో ఆ అంకె క్రింద ఉన్నవి ఒక్క అరకు మించవు. విద్యార్థులు వాటిని తిరగేసి, "ఇక్కడేమీ లేదండీ" అని వెళ్ళిపోతుంటారు. తెలుగువారి సంగీతమంతా 780లోనే ఉంటుందనుకోవడం పెళ్ళివారంతా పందిట్లోనే ఉంటారనుకోవడం వంటిది. సగంమంది విడిదింట్లో ఉంటారు. కొందరు వంటశాల దగ్గర తేలుతారు!

ఆ మిగతావారి కోసం సాహిత్యం బీరువాకు వెళ్ళాలి. పాల్కురికి సోమనాథుని 'పండితారాధ్య చరిత్ర' శైవ గ్రంథం. అందులో రాగాల పేర్లు, వాద్యాల పేర్లు కొల్లలు. లక్షణ గ్రంథాల మధ్య తాళ్ళపాక చినతిరుమలాచార్యుల 'సంకీర్తన లక్షణము' ఉంటుంది. తాతగారైన అన్నమాచార్యులు ఇదే విషయం మీద సంస్కృతంలో వ్రాసిన గ్రంథం దొరకలేదు. మనుమడి తెలుగే మనకు మిగిలింది. చరిత్రల వరసలో బాలాంత్రపు రజనీకాంతరావుగారి 'ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము' కనబడవచ్చు. దానికి 1961లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది.

ఇక సుబ్బరామ దీక్షితుల 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' సంగతి. 1904లో తమిళదేశంలోని ఎట్టయాపురంలో అచ్చయినా, ఆ మహాగ్రంథం వ్రాసింది తెలుగులో. ముత్తుస్వామి దీక్షితుల కృతులు స్వరాలతో, గమకాల గుర్తులతో అందులో ఉన్నాయి. తెలుగు చదవగలిగిన మన పిల్లలకు అది అందుబాటులో ఉన్న పెన్నిధి.

ఇంత శ్రమ దేనికంటారా? బి.ఏ. చదివే అమ్మాయి ఒకతె అన్నమాచార్యుల మీద వ్యాసం వ్రాసి తెచ్చింది. తాను చిన్నప్పటినుంచీ పాడుతున్న కీర్తన వరస ఐదువందల ఏళ్ళుగా అలాగే వస్తున్నదని అందులో ఉంది. తిరుమలలో దొరికిన రాగిరేకుల పాఠం అచ్చయిన సంపుటం తీసి చూడమన్నాను. పాట ఉంది, పైన రాగం పేరు ఉంది, స్వరాలు లేవు.

అమ్మాయి ముఖం చిన్నబోయింది. "అయితే మా టీచరుగారు నేర్పింది తప్పాండీ?" అంది.

"తప్పు కాదమ్మా. ఆ వరస ఇంకొకరి కష్టం" అన్నాను.

రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి విద్వాంసులు ఆ కీర్తనలకు వరసలు కూర్చారు. దాన్ని కూడా అన్నమయ్య ఖాతాలో వేస్తే ఆయన కీర్తి పెరగదు. వీరి పేరు మట్టుకు చెరిగిపోతుంది. ఆ అమ్మాయి వారం రోజులు వెతికింది. తన కీర్తనకు వరస కట్టినవారి పేరు ఒక స్వరాల పుస్తకం మొదటి పేజీలోనే ఉంది! వ్యాసంలో ఆ పేరు చేర్చింది.

కాబట్టి లైబ్రరీకి వెళ్ళే పిల్లలకు రెండు మాటలు. పుస్తకం పేరు తెలియకపోతే లైబ్రేరియనుగారికి విషయం చెప్పండి. కంప్యూటరులో 'సంగీతం' అని ఒక్కమాట కొట్టి ఊరుకోవద్దు. పుస్తకం చేతికి వచ్చాక పీఠిక, అచ్చయిన సంవత్సరం చూడనిదే లోపలి మాట ఎత్తి వ్రాయవద్దు.

పెద్దలకు ఒక్కటే మాట. మీ అమ్మాయి పాడినప్పుడు, "ఎవరి కీర్తనమ్మా?" అని అడుగుతారు గదా. "వరస ఎవరిది?" అని కూడా అడగండి. తెలియదంటే కోప్పడక లైబ్రరీకి పంపండి.