బాసికము లేని మంద

జర్మనీ దేశపు దక్షిణపుటంచున, ఆల్ప్సు పర్వతముల యొడిలోని ఆల్గోయ్ సీమలో, వేసవియంతయు కొండమీది బీళ్లలో మేసిన పసులు సెప్టెంబరు మాసమున లోయకు దిగివచ్చు పండుగను ‘ఫీషైట్’ అందురు. ‘ఫీ’ యనగా పసులు, ‘షైట్’ యనగా వేరుపాటు. ఆ దేశపు న్యాయస్థానములలో విడాకులకు వాడు పదమును ఈ ధాతువునుండియే పుట్టినదని చెప్పగా నా యర్ధాంగి, “గొడ్ల విడాకులు చూచుటకా మ్యూనిక్‌లో తెల్లవారుజామున రైలెక్కించితిరి?” అని నవ్వినది. సోంటోఫెన్‌లో దిగి, బస్సు పట్టుకొని బాట్ హిందెలాంగ్ చేరితిమి. ఆ యూర నీ పండుగ ఆనవాయితీగా సెప్టెంబరు 11వ తేదీన జరుగును.

మందలు కంటబడుటకు మునుపే చెవిని బడినవి. అటకమీది యిత్తడి బిందె లన్నియు నొక్కమారుగా మెట్లవెంట దొర్లినట్టి చప్పుడది. వెడల్పాటి తోలుపట్టెడలకు వ్రేలాడు రేకుగంటల మ్రోత.

ఈ పసులు కాపరివి కావు. లోయలోని గడ్డిని కోసి శీతకాలమునకు దాచుకొనవలెనని రైతులు పలువురు తమ పెయ్యలను వేసవి మొదట అతని కప్పగింతురు. అతడు సుమారు నూరు దినములు వానిని కొండపై మేపి, కాచి, తెచ్చి, ఊరిబయట నొక్కొక్కదానిని వేరుచేసి యజమానుల కొప్పగించును. మన పల్లెలలో ఊరుమ్మడి పసులకాపరి ప్రతి సాయంకాలము చేయు పనియే యిది. అచ్చట నా సాయంకాలము ఏటికొక్కమారు వచ్చును.

ముందు నడచు పెయ్యకు నొసట పెద్ద బాసికము కట్టుదురు: పచ్చని రెమ్మలు, కొండపూవులు, ఒక శిలువ, చిన్న అద్దము. దుష్టశక్తి తన మొగము తానే చూచుకొని బెదరునట! గుమ్మమునకు గుమ్మడికాయ కట్టు మనవారి కీ యుక్తి వివరింప నక్కరలేదు. అయితే ఆ వేసవిలో పిడుగునకో, చరియ జారియో ఒక్క ప్రాణియైనను పోయిన యెడల, ఆ మందకు బాసికము లేదు. ఇది చదువువారిలో కనుమనాడు కొట్టము కడిగి, కొమ్ములకు రంగు పూసినవారుందురు. బక్కయెద్దునకును, వట్టిపోయిన గేదెకును మన పసుపుకుంకుమ లొక్కటియే, లెక్క లడుగము. నాకు మన పద్ధతియే మేలని తోచినది. పక్షపాతమందురా, అననిండు.

మేము చూచిన మందలలో మూడవది బోసినొసటితో వచ్చినది. అంతవరకు కేకలిడిన జనము చప్పట్లు మాత్రము కొట్టిరి, మెల్లగా. కాపరి పడుచువాడు, టోపీ కన్నులమీదికి లాగికొని, ఎవరివంకయు చూడక నడచెను. బయలులో నొక వృద్ధరైతు పగ్గమందుకొనుచు ఆతని భుజముపై చేయివైచి యేదియో యొక్కమాట చెప్పెను. మాకు వినబడలేదు, వినబడినను ఆ యాస మాకు రాదు. పిమ్మట నిరువురును గూడి పెయ్య మెడనుండి గంట విప్పి నేలబెట్టగా, అది రెండుమారులు చెవులు విదిల్చి, ముసలివానికంటె ముందుగా ఇంటిదారి పట్టినది.