గడప బయట కాపలా, గడప లోపల ఊయల

బిడ్డ పుట్టిన ఇంట సంతోషంతోపాటు సందేహాలు కూడా కలుగుతాయి. అజాన్ ఎవరు వినిపించాలి, ఏడవ రోజున అఖీఖా ఎలా జరపాలి, ఏ పేరు పెట్టాలి అని అడగడానికి మా మదరసాకు వచ్చే తల్లిదండ్రులు కొన్నేళ్లుగా మరో ప్రశ్న కూడా అడుగుతున్నారు. “మౌలానా, మా ఇంటి దగ్గర కుక్క ఉంది. పసిబిడ్డతో ఎలా?” అని.

ఇలా అడిగేవారు పలు రకాల వారు. మేకలు, గొర్రెలు మేపుకునేవారు ఉన్నారు. మామిడి తోటలో కాపురముంటున్నవారు, ఊరి చివర ఇల్లు కట్టుకుని దొంగల భయంతో కుక్కను సాకుతున్నవారు ఉన్నారు. తమ తల్లిదండ్రులు ముస్లిమేతరులై, వారి ఇంట కుక్క ఉన్న నవముస్లిం దంపతులు కూడా ఉన్నారు. మా వద్దకు వచ్చేసరికే వీరు రెండు సలహాలు విని ఉంటారు. “కుక్క అపవిత్రం, గోనెసంచిలో వేసి పొరుగూరి పొలిమేరలో వదిలేయండి” అన్నది ఒకటి. “అది మనింటి కుక్కేగా, ఏమీ చేయదు, బిడ్డ పక్కన పడుకోనివ్వండి” అన్నది రెండవది. మొదటి దానిలో కారుణ్యం లేదు, రెండవ దానిలో జాగ్రత్త లేదు. షరీఅత్ చూపిన మార్గం ఈ రెండింటికీ భిన్నమైనది. అదే పసిబిడ్డకు క్షేమకరమైనది కూడా.

షరీఅత్ గీసిన హద్దు

దివ్య ఖుర్ఆన్‌లో కుక్క ప్రస్తావన శాపంగా రాలేదు. అల్ మాయిదా సూరా 4వ ఆయతు, శిక్షణ పొందిన వేట జంతువులు పట్టి తెచ్చిన దానిని ధర్మసమ్మతం చేసింది. అల్ కహఫ్ సూరా 18వ ఆయతు, గుహలో నిద్రించిన విశ్వాసులైన యువకులతో ఉన్న కుక్కను వర్ణించింది. ఆ కుక్క ఎక్కడ ఉన్నదో గమనించండి. అది ముందుకాళ్లు చాచుకుని గుహ వాకిట ఉన్నది. ఆ పుణ్యాత్ములకు అది తోడే, అయినా దాని స్థానం ద్వారం దగ్గరే.

దైవప్రవక్త (స) ప్రవచనాలు ఈ హద్దును మరింత స్పష్టం చేశాయి. వేటకో, పశువుల మందకో, పంట కాపలాకో తప్ప కుక్కను పెంచుకునేవారి పుణ్యఫలంలో ప్రతిరోజూ కొంత తరిగిపోతుందని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. కుక్క ఉన్న ఇంట కారుణ్య దూతలు ప్రవేశించరన్న హదీసు కూడా ఆ గ్రంథాల్లోనే ఉంది. నిజమైన అవసరం ఉన్నచోట ఇంటి కాపలాకు సైతం కుక్కను ఉంచుకోవచ్చునని పలువురు ధర్మశాస్త్రవేత్తలు ఇదే హదీసు ఆధారంగా అభిప్రాయపడ్డారు. దర్జా కోసం, కాలక్షేపం కోసం పెంచుకోవడం ఈ మినహాయింపులోకి రాదు.

ఈ విషయంలో తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసిన సంఘటన ఒకటి అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. జిబ్రీల్ (అలైహిస్సలాం) దైవప్రవక్త (స) ఇంటికి వచ్చి కూడా లోనికి రాకుండా ఆగిపోయారు. అందుకు చెప్పిన కారణాల్లో ఇంట్లో ఉన్న ఓ కుక్కపిల్ల ఒకటి. అది హజ్రత్ హసన్ (రజి) లేదా హజ్రత్ హుసైన్ (రజి) తెచ్చుకున్నది, పక్క కింద ఉంది. దైవప్రవక్త (స) దానిని బయటికి పంపించమన్నారు. ఆ ఉల్లేఖనంలో మనవలను మందలించినట్లు లేదు, కుక్కపిల్లను హింసించినట్లూ లేదు. పడక దగ్గరి నుంచి దానిని తీసి బయట ఉంచడం, అంతే. పసిపిల్లల ఇంట ఈ సమస్యను ఎంత మృదువుగా పరిష్కరించాలో చెప్పడానికి ఈ ఒక్క సంఘటన చాలు.

తల్లి ఒడి, జానమాజ్

మన ఇళ్లలో పాకే బిడ్డ నేరుగా జానమాజ్ మీదికే వస్తుంది. సజ్దాలో ఉన్న తల్లి వీపు ఎక్కుతుంది. ఇందులో తప్పేమీ లేదు. దైవప్రవక్త (స) తమ మనుమరాలు ఉమామాను ఎత్తుకుని నమాజు చేసిన విషయం ప్రామాణిక హదీసుల్లో ఉంది. అయితే ఆ బిడ్డ చేతికి, చొక్కాకు కుక్క చొంగ అంటి ఉంటే? అందుకే తహారత్ నియమాలు తెలిసి ఉండాలి.

మన ప్రాంతంలో అధికులు అనుసరించే హనఫీ మజ్హబ్ ప్రకారం కుక్క చొంగ అపవిత్రం. దాని పొడి శరీరం, పొడి వెంట్రుకలు బట్టలకు తగిలినంత మాత్రాన బట్టలు అపవిత్రం కావు, వుజూ కూడా భంగం కాదు. చొంగ అంటినచోట కడిగితే సరిపోతుంది. షాఫియీ మజ్హబ్ ఈ విషయంలో మరింత కఠినం, మాలికీ మజ్హబ్ మరింత సులభం. ఎవరి మజ్హబ్‌ను వారు అనుసరించవచ్చు. కుక్క మూతి పెట్టిన పాత్రను ఏడుసార్లు, అందులో మొదటిసారి మట్టితో కడగాలని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు ఉంది. హనఫీ పండితులు మూడుసార్లు కడగడం తప్పనిసరి అనీ, ఏడుసార్లు ఉత్తమమనీ అన్నారు. బిడ్డ పాలగిన్నె, ఉగ్గుగిన్నె, చెంచా కుక్కకు అందేచోట అసలే ఉంచకూడదు.

ఈ నియమాలను చాదస్తమని తేలిగ్గా తీసుకునేవారు వైద్యులు చెప్పేది కూడా వినాలి. కుక్కల, ముఖ్యంగా కుక్కపిల్లల మలంలో టాక్సోకారా అనే ఏలికపాము గుడ్లు ఉండవచ్చు. కొన్ని వారాలు మట్టిలో పడి ఉన్నాక అవి రోగం కలిగించే స్థితికి వస్తాయి. చేతికి దొరికిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకునే బిడ్డ కడుపులోకి చేరితే కాలేయానికి, కంటికి కూడా హాని చేయగలవు. అందువల్ల పెరట్లో కుక్క మలాన్ని ఏ రోజుకారోజు తీసి పూడ్చిపెట్టాలి. కుక్కకు పశువైద్యుని సలహాతో నులిపురుగుల మందు వేయించాలి.

కుక్క ఉన్న ఇంట పెరిగిన శిశువులకు రోగాలు తక్కువని ఈ మధ్య కొందరు చదువుకున్న యువ దంపతులు వాదిస్తున్నారు. అటువంటి అధ్యయనం ఉన్నమాట నిజమే. ఫిన్లాండ్‌లో 397 మంది శిశువులను ఏడాదిపాటు పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, కుక్కలున్న ఇళ్ల పిల్లలకు శ్వాసకోశ వ్యాధులు, చెవి వ్యాధులు తక్కువగా కనిపించాయి. అయితే రోజులో ఎక్కువ సమయం కుక్క ఆరుబయట గడిపిన ఇళ్లలోనే ఆ మేలు ఎక్కువగా కనిపించింది. పైగా ఫిన్లాండ్ రేబిస్ లేని దేశం. మన పరిస్థితి వేరు. బిడ్డ ఆరోగ్యం పేరుతో కుక్కను పడకగదిలోకి తేవడానికి ఆ అధ్యయనం ఆధారం కాజాలదు.

బిడ్డ రాకముందే, పాకకముందే

అవసరార్థం కుక్క ఉన్న ఇంట ప్రసవానికి కొన్ని నెలల ముందే ఏర్పాట్లు మొదలుపెట్టాలి. దాని చోటు వరండాలోనో, పెరట్లోనో, పశువుల కొట్టం దగ్గరో నిర్ణయించి, గడప దాటకుండా అప్పటి నుంచే అలవాటు చేయాలి. బిడ్డ వచ్చిన రోజునే హఠాత్తుగా బయటికి గెంటితే దానికి బెదురు, చిరాకు కలుగుతాయి. రేబిస్ టీకా వేయించి, ఏటేటా మళ్లీ వేయించాలి.

పురిటి ఇంట వాకిట్లో చీరతో ఊయల కట్టడం మన ఆచారం. కుక్క తిరిగే ఇంట ఆ ఊయలను లోపలి గదిలోనే కట్టాలి. పాలవాసన, శిశువు ఏడుపు ఏ జంతువునైనా ఆకర్షిస్తాయి. దోమతెర దానిని ఆపలేదు. తల్లి స్నానానికి వెళ్లినా, వుజూకు వెళ్లినా, బిడ్డను కుక్క చేరగల చోట ఒంటరిగా వదలకూడదు. ఎంత నెమ్మదైన కుక్క విషయంలోనైనా ఈ నియమం మారదు.

ఆరు నెలలు దాటి బిడ్డ పాకడం మొదలుపెట్టాక ప్రమాదం ఇంకా పెరుగుతుంది. అప్పుడు బిడ్డ ముఖం సరిగ్గా కుక్క నోటి ఎత్తున ఉంటుంది. చెవి లాగుతుంది, తోక పట్టుకుంటుంది, తింటున్న గిన్నెలో చేయి పెడుతుంది. తింటున్నప్పుడు, నిద్రిస్తున్నప్పుడు, పిల్లలను పెట్టినప్పుడు కుక్కకు కోపం త్వరగా వస్తుంది. గడపకు అడ్డంగా మోకాలి ఎత్తుకు మించిన చెక్క తలుపు ఒకటి బిగిస్తే ఖర్చు స్వల్పం, మేలు అధికం. కుక్క గుర్రుమంటే కొట్టకండి. అది చేస్తున్న హెచ్చరిక అది. కొట్టి మాన్పిస్తే హెచ్చరించకుండానే కరవడం నేర్చుకుంటుంది.

అన్నం తినని బిడ్డను “కుక్కకు పట్టిస్తా” అని బెదిరించడం కూడా మానాలి. అలా పెరిగిన పిల్లలు కుక్క కనబడితే పరుగెత్తుతారు, లేదా రాయి విసురుతారు. రెండూ కుక్కను రెచ్చగొట్టేవే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో ఓ చిన్నారి బాలుడు ప్రాణాలు కోల్పోయిన సంగతి మనందరికీ తెలుసు. నడక వచ్చిన బిడ్డను వీధిలోకి ఒంటరిగా పంపకూడదు. కాస్త ఎదిగిన పిల్లలకు, కుక్క దగ్గరికి వస్తే పరుగెత్తకుండా, అరవకుండా కదలక నిలబడాలని నేర్పాలి.

గీరుకున్నా, కరిచినా

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 59,000 మంది రేబిస్‌తో మరణిస్తున్నారు. అందులో దాదాపు 36 శాతం మన దేశంలోనే. అనుమానిత జంతువుల కాటుకు గురయ్యేవారిలో 40 శాతం మంది 15 ఏళ్లలోపు పిల్లలు. లక్షణాలు బయటపడ్డాక ఈ వ్యాధికి చికిత్స దాదాపు లేనట్లే. బయటపడకముందు మాత్రం పూర్తిగా నివారించవచ్చు.

కుక్క కరిచినా, గీరినా వెంటనే ఆ గాయాన్ని ధారగా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలపాటు కడగాలి. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు ఏదీ పూయకూడదు. నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రక్తం రాని చిన్న గీతకు కూడా టీకా అవసరమే. రక్తం వచ్చినా, పుండు మీద, పెదవి మీద, కంట్లో చొంగ పడినా, టీకాతోపాటు గాయంలో వేసే ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి. కండరానికి వేసే టీకా మొదటి రోజు తర్వాత 3, 7, 14, 28వ రోజుల్లో వేస్తారు. ఏ ఒక్క మోతాదూ తప్పకూడదు. పాలు తాగే శిశువుకైనా, పాలిచ్చే తల్లికైనా ఈ టీకా వేయించవచ్చు. మన ఇంటి కుక్కే, దానికి టీకా వేయించాం అన్న ధీమాతో ఇంట్లోనే ఉండిపోకండి. ఆ మాట డాక్టరుకు చెప్పండి, నిర్ణయం ఆయనకు వదలండి. మాటలురాని బిడ్డ తనకేమైందో చెప్పలేదు. కనుక ఒంటిమీద కారణం తెలియని గీత కనిపిస్తే ఉపేక్షించకూడదు.

ఇక్కడ ఓ మాట నిక్కచ్చిగా చెప్పవలసి ఉంది. కుక్క కాటుకు దమ్ చేయించడానికి, తావీజు కట్టించడానికి మా వద్దకు బిడ్డను ఎత్తుకుని వచ్చేవారున్నారు. దుఆ మేము తప్పక చేస్తాం. కానీ ముందు ఆసుపత్రికి వెళ్లి రండి. అల్లాహ్ ప్రతి రోగానికీ మందు సృష్టించాడని దైవప్రవక్త (స) బోధించారు. ఒంటెను కట్టివేసి ఆపై అల్లాహ్‌ను నమ్ముకోమన్నదీ వారే. టీకా వేయించడం తవక్కుల్‌కు వ్యతిరేకం కాదు.

వదిలేయడం పరిష్కారం కాదు

ఏళ్లతరబడి మందను కాచిన కుక్కను, బిడ్డ పుట్టిందన్న కారణంతో తెలియని ఊళ్లో వదిలేయడం అమానతుకు ద్రోహం. తిండి తెలియని చోట అది ఆకలితో మాడుతుంది, లేదా అక్కడి పిల్లలకు ప్రమాదంగా మారుతుంది. మన బిడ్డ క్షేమాన్ని ఇంకొకరి బిడ్డ క్షేమంతో కొనుక్కోరాదు. దాహంతో నాలుక వేలాడేసిన కుక్కకు తన తోలుమేజోడుతో బావినీరు తోడి తాగించిన మనిషిని అల్లాహ్ మన్నించాడు. పిల్లిని బంధించి తిండి పెట్టకుండా చంపిన స్త్రీ శిక్షకు గురయింది. ఈ రెండు హదీసులూ మనకు తెలిసినవే. కట్టివేసిన కుక్కకు నీడ, నీరు, వేళకు తిండి ఇవ్వడం యజమాని బాధ్యత. నిజంగా ఉంచుకోలేని పరిస్థితి వస్తే, మంద ఉన్న మరో రైతుకో, తోట ఉన్నవారికో అప్పగించండి. దానికి పని దొరుకుతుంది, మీకు బాధ్యత తీరుతుంది.

నవముస్లిం దంపతులకు మా మనవి ఇది. తాతయ్య, అమ్మమ్మల ఇంట కుక్క ఉందని బిడ్డను వారికి చూపకుండా ఉండకండి. బంధుత్వాన్ని తెంచడం ఇస్లాంలో మహాపాపం. “అమ్మా, మేమున్న కాసేపు దానిని పెరట్లో కట్టేయండి” అని ప్రేమతో అడగండి. మనవడిని ఎత్తుకోవాలనుకునే ఏ అమ్మమ్మా కాదనదు. నమాజు చేసుకోవడానికి శుభ్రమైన వస్త్రం వెంట తీసుకెళితే ఏ ఇబ్బందీ ఉండదు.

చీకటి పడే వేళ పిల్లలను ఇంట్లోకి పిలవమనీ, బిస్మిల్లాహ్ అంటూ తలుపులు మూయమనీ దైవప్రవక్త (స) బోధించారు. హసన్, హుసైన్‌ల (రజి) కోసం విష జంతువుల నుంచి, దిష్టి నుంచి అల్లాహ్ శరణు వేడేవారు. హజ్రత్ ఇబ్రాహీం (అలైహిస్సలాం) కూడా తన కుమారుల కోసం అలాగే వేడేవారని చెప్పారు. ప్రతి రాత్రీ కుక్కకు గడప బయట తిండి, నీళ్లు పెట్టి, తలుపు గడియ వేసి, ఊయలలోని బిడ్డపై చేయి వేసి ఆ దుఆ చదవండి. మన పసిపిల్లలందరినీ అల్లాహ్ తన రక్షణలో ఉంచుగాక! ఆమీన్.