విదూషకుడు రాజైన వేళ

రాజుగారి కొలువులో విదూషకుడు ఉండటం మనకు కొత్త కాదు. తెనాలి రామకృష్ణుని కథలు వింటూ పెరిగినవాళ్ళం. కాని రాజే విదూషకుడైతే? విదూషకుడే రాజైతే? 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమై పదిహేను దేశాలుగా విడిపోయిన తరువాత, అక్కడ ఈ రెండు వింతలూ జరిగాయి.

మొదటి వింతకు రంగస్థలం తుర్క్‌మెనిస్తాన్. తొలి అధ్యక్షుడు సపర్మురాత్ నియాజోవ్ ‘తుర్క్‌మెన్‌బాషీ’ అనే బిరుదు ధరించాడు. తుర్క్‌మెన్లకు పెద్దదిక్కు అని దాని భావం. 2002లో ఆయన జనవరి నెలకు తన బిరుదు, ఏప్రిల్‌కు తన తల్లి పేరు పెట్టాడు. రాజధాని అష్గాబాత్‌లో ఆయన బంగారు విగ్రహం సూర్యునికి అభిముఖంగా రోజంతా తిరుగుతూ ఉండేది. ఎవరు ఎవరిని అనుసరిస్తున్నారో ఆ సూర్యునికే తెలియాలి! జాతి సంస్కృతికి సరిపడవంటూ 2001లో బాలే నృత్యాన్నీ, ఒపేరానూ నిషేధించాడు. 2005లో, ముందే రికార్డు చేసిన పాటకు వేదికమీద పెదవులు కదపడం కూడా నేరమైంది. రాజు తలచుకుంటే దెబ్బలకు కొదవా?

2006లో ఆయన మరణించాడు. 2008లో నెలలకు పాత పేర్లు తిరిగి వచ్చాయి. వారసుడు బెర్దిముహమేదోవ్ 2013లో స్వయంగా గుర్రప్పందెంలో పాల్గొన్నారు. వారు గెలవకుండా ఉంటారా? గెలిచారు. గీత దాటిన మరుక్షణమే గుర్రం తొట్రుపడి, ప్రభువుల వారు నేలమీద పడ్డారు. ప్రభుత్వ టెలివిజన్ విజయాన్ని చూపి, పతనాన్ని మరుగుపరచింది. అయినా ఆ దృశ్యం సరిహద్దులు దాటింది. లోకమంతా నవ్వింది; పైకి నవ్వే వీలు లేనిది తుర్క్‌మెన్ ప్రజలకే.

మాస్కోలో కొంతకాలం అందుకు భిన్నమైన గాలి వీచింది. ఎన్.టి.వి. అనే ప్రైవేటు టెలివిజన్ 1994లో ‘కూక్లీ’ అనే కార్యక్రమం ప్రారంభించింది. కూక్లీ అంటే బొమ్మలు. అధ్యక్షుడు యెల్త్సిన్ మొదలు మంత్రుల దాకా అందరూ రబ్బరు బొమ్మలై అందులో అభాసుపాలయ్యేవారు. 1995లో ప్రభుత్వ న్యాయాధికారి బొమ్మలాటవారి మీద క్రిమినల్ కేసు పెట్టాడు. దేశం మరింత నవ్వింది, కేసు మూతపడింది. బొమ్మతో పోటీకి అన్నట్లు, 1996 ఎన్నికల ప్రచారంలో యెల్త్సిన్ తానే వేదికెక్కి పాప్ సంగీతానికి చిందులు వేశాడు.

తరువాత వచ్చిన పుతిన్‌ను 2000లో ఆ బొమ్మలాటవారు జర్మన్ కథలోని ఒక మరుగుజ్జుగా చిత్రించారు. 2001లో ప్రభుత్వ అదుపాజ్ఞలలోని గాజ్‌ప్రోమ్ సంస్థ ఎన్.టి.వి.ని హస్తగతం చేసుకున్నది. 2002లో బొమ్మలాట ముగిసింది.

ఇక రెండవ వింత, ఉక్రెయిన్. సినిమా నటులు పాలకులు కావడం మనకు ఆశ్చర్యం కాదు. నటించిన పాత్రే ఉద్యోగంగా దొరకడం మాత్రం అరుదు. 2015లో మొదలైన ‘ప్రజాసేవకుడు’ అనే టెలివిజన్ ధారావాహికలో హాస్యనటుడు వొలొదిమిర్ జెలెన్‌స్కీ చరిత్ర పాఠాలు చెప్పే బడిపంతులు. అవినీతిని దుయ్యబడుతూ అతడు ఆవేశంగా మాట్లాడుతుండగా ఒక విద్యార్థి రహస్యంగా చిత్రీకరిస్తాడు. అది దేశమంతా పాకి, పంతులు అధ్యక్షుడవుతాడు. ధారావాహిక పేరుతోనే పార్టీ వెలిసింది; 2019 ఏప్రిల్‌లో జెలెన్‌స్కీ 73 శాతం ఓట్లతో నిజంగానే అధ్యక్షుడయ్యాడు.

2021 ఆగస్టులో కీవ్‌లోని అధ్యక్షుల మరీన్‌స్కీ భవనం ముందు మన తెలుగు నటులు ‘నాటు నాటు’ పాటకు చిందులు తొక్కారు. ఆరు నెలలు తిరిగేసరికి, 2022 ఫిబ్రవరి 24న, రష్యా సేనలు ఆ దేశంపై విరుచుకుపడ్డాయి. హాస్యగాడు పారిపోతాడని అనుకున్నవారున్నారు. మర్నాటి రాత్రి అతడు కీవ్ వీధిలో నిలబడి, తాను అక్కడే ఉన్నానని చిన్న చలనచిత్రం ద్వారా ప్రజలకు తెలియజేశాడు.

గద్దె అతనినీ మార్చకపోలేదు. 2025 జూలైలో, తెరమీద అవినీతిని దుయ్యబట్టిన ఆ పంతులే అవినీతి నిరోధక సంస్థల స్వేచ్ఛను కుదించే చట్టంపై సంతకం చేశాడు. బాంబులు పడుతున్న కాలంలోనూ యువతీయువకులు అట్టముక్కలమీద నినాదాలు రాసుకుని వీధులకెక్కారు. పది రోజులు గడవకముందే ఆ స్వేచ్ఛను తిరిగి ఇస్తూ మరో చట్టం వచ్చింది.

విదూషకుడు రాజు కావడంలో ప్రమాదమేమీ లేదు. రాజైన తరువాత తనను చూసి నవ్వే హక్కు ప్రజలకు మిగిల్చాడా లేదా అన్నదే ప్రశ్న. అష్గాబాత్‌లో ఆ హక్కు పుట్టనే లేదు; మాస్కోలో పుట్టి, పెరగకుండానే పోయింది; కీవ్‌లో అట్టముక్కలు పట్టుకుని ఇంకా నిలబడి ఉన్నది.