రోగరక్షణమున పెప్టైడుల పాత్ర: ద్రవ్యరాశిమాపకము తెలుపు విశేషములు

బరంపురమునందును, గంజాము మండలపు పల్లెలయందును కుష్ఠురోగమును పరీక్షించు వైద్యులకు ఒక విషయము చిరపరిచితము. ఒకే సూక్ష్మజీవి సోకిన యిద్దరిలో ఒకనికి స్పర్శలేని పాలిపోయిన మచ్చ యొకటి మాత్రమే కనుపించును. వేరొకనికి దేహమంతటను వ్యాధి వ్యాపించును. సోకినవారిలో అధికసంఖ్యాకులకు అసలు వ్యాధియే రాదు. ఈ భేదమునకు ముఖ్యకారణము శరీరపు రక్షణవ్యవస్థ ఆ సూక్ష్మజీవిని గుర్తించు తీరు. జాతీయస్థాయిలో కుష్ఠు ప్రజారోగ్యసమస్యగా తొలగినదని 2005లో ప్రకటింపబడినను, ఒడిశాలో క్రొత్తరోగులు కానవచ్చుచునే యున్నారు. కావున నీ ప్రశ్న పాతబడలేదు.

సంతలో వర్తకుడు బస్తానుండి పిడికెడు ధాన్యము తీసి మచ్చు చూపునట్లు, జీవకణము తనలోని ప్రోటీనులను తునుకలుగా కోసి, ఆ తునుకలను ఉపరితలమున ప్రదర్శించును. ఈ తునుకలే పెప్టైడులు. వానిని పట్టియుంచు అణువులకు హెచ్.ఎల్.ఎ. అని పేరు. వీనిలో మొదటి తరగతి అణువులు సాధారణముగా తొమ్మిది అమైనో ఆమ్లముల తునుకలను, రెండవ తరగతివి అంతకంటె దీర్ఘమైనవానిని పట్టును. టి-కణములు ఈ మచ్చును చూచియే శత్రువును గుర్తించును. వైరసును టి-కణము ఒంటరిగా గుర్తింపదనియు, స్వీయాణువుతో కూడియున్నపుడే గుర్తించుననియు 1974లో జింకర్నాగెల్, డోహర్టీ అను శాస్త్రజ్ఞులు నిరూపించిరి. 1987లో ఆ అణువు ఆకృతి వెల్లడియై, పెప్టైడు ఇముడు గాడి కంటికి గోచరించినది.

అయితే ఆ గాడిలో నున్నదేమి? దీనిని తెలిసికొనుటకు తూనిక ఆధారమైనది. ద్రవ్యరాశిమాపకముతో ఆస్టన్ 1919 నాటికే ఐసోటోపులను వేరుపరచెను. కాని పెప్టైడులను చెడకుండ వాయురూపమునకు తెచ్చుట బహుకాలము దుస్సాధ్యముగా నుండెను. విద్యుత్తుతో ద్రావణమును సన్నని తుంపరగా చేయు పద్ధతిని ఫెన్ పెంపొందించి ఆ చిక్కు తీర్చెను. 2002లో నోబెల్ బహుమానమున భాగము పొందెను. వర్జీనియా విశ్వవిద్యాలయపు డోనాల్డ్ హంట్ బృందము 1992లో హెచ్.ఎల్.ఎ. పెప్టైడులను ఈ విధముగ చదివి చూపెను.

పద్ధతి యిట్టిది. కణములను కరగించి, ప్రతిరక్షకముతో హెచ్.ఎల్.ఎ. అణువులను గాలమువేసి పట్టినట్లు పట్టుదురు. ఆమ్లముతో పెప్టైడులను విడదీసి తూచుదురు. పిదప ఒక్కొక్క పెప్టైడును వాయుకణములతో ఢీకొట్టించి విరుగగొట్టుదురు. విరిగిన తునుకల బరువులలో వరుసగా వచ్చు భేదము 57 అయినచో అచట గ్లైసీను, 71 అయినచో అలానీను ఉన్నదని యెరుగుదురు. ల్యూసీను, ఐసోల్యూసీనులు రెండును 113 గనుక బరువును బట్టి వానిని వేరుపరచుట కుదరదు. ఇది యీ తక్కెడకున్న లోపము.

కుష్ఠు విషయమున కష్టములు అధికము. 1873లో హాన్సెన్ కనుగొన్న యీ సూక్ష్మజీవిని ఇప్పటికిని కృత్రిమాహారముపై పెంచుట సాధ్యము కాలేదు. అయినను 2001లో దాని జన్యుక్రమము వెలువడుటచే, పెప్టైడును పోల్చి చూచుటకు సుమారు 1600 జన్యువుల పట్టిక లభించినది.

మరియొక చిక్కు మన ప్రాంతమునకు సన్నిహితమైనది. హెచ్.ఎల్.ఎ. రకములు వేలకొలది కలవు. రకమును బట్టి గాడి యాకృతి మారును, అది పట్టు పెప్టైడు మారును. భారతీయులలో డి.ఆర్.2 అను రకమునకు కుష్ఠుతో సంబంధము కనబడినది. పెప్టైడులను ముందుగా ఊహించి చెప్పు గణనపద్ధతులు ఐరోపా సంతతివారి సమాచారముపైనే అధికముగా ఆధారపడినవి. గంజామున కలిసి జీవించు తెలుగువారికి, ఒడియావారికి, సవరలకు ఆ గణనములు ఎంతవరకు వర్తించునో పరీక్షింపక యంగీకరించుట తగదు. వానిని నమ్మి రూపొందించిన టీకా యిచటివారికి పనిచేయకపోవచ్చును. 1962లో నెలకొన్న మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్యకళాశాలయు, 2016లో నెలకొన్న ఐ.ఐ.ఎస్.ఇ.ఆర్. సంస్థయు బరంపురముననే యున్నవి. రోగులును, విజ్ఞానశాస్త్రజ్ఞులును ఒకే పట్టణమున నుండుట ఇట్టి పరిశోధనకు అనుకూలము.

ఇట్టి పరీక్షకు సాధారణముగా పదికోట్ల కణములైనను కావలెను. మచ్చనుండి తీయు చర్మపుముక్క కందిగింజంత మాత్రమే. కావున రక్తమునుండి కణములను వేరుచేసి, ప్రయోగశాలలో వానికి సూక్ష్మజీవి ప్రోటీనులను అందించి, అవి చూపు మచ్చును తూచుట ఆచరణయోగ్యమైన మార్గము.