మంచము దొరకినను మనిషి దొరకని దినములు
కోవిడ్ మహమ్మారి వేళ, 2020 మార్చి 22వ తేదీ సాయంకాలము 5 గంటలకు దేశమంతట జనులు వాకిళ్లలోను డాబాలమీదను నిలిచి, వైద్యులకును నర్సులకును కృతజ్ఞతాసూచకముగా చప్పట్లు చఱచి, పళ్లెములు మ్రోగించిరి. ఆ ధ్వని చెవులకింపైనదే. కాని ఒక్క నర్సునైనను అది అదనముగా సృష్టింపజాలదు గదా!

ఆసుపత్రులలో మంచములను రాత్రికి రాత్రి వేయింపవచ్చును, వెంటిలేటరులను విమానములలో తెప్పింపవచ్చును. కాని జీఎన్ఎం నర్సు తయారగుటకు 3 ఏండ్లును, వైద్యునికి ఎంబీబీఎస్ చదువు నాలుగున్నరేండ్లును, ఆపై ఏడాది ఇంటర్న్‌షిప్పును వలయును. ఉన్నవారి పాట్లు చెప్పనలవి గావు. ఆపాదమస్తకము పీపీఈ కిట్టు ధరించినవారు గుక్కెడు నీళ్లకైనను దానిని విప్పవలసినదే, విప్పినచో మరియొకటి తొడుగవలసినదే; కావున దప్పికను దిగమ్రింగి, చెమటలో తడిసి, గంటల తరబడి నిలువవలసి వచ్చెడిది. వారిలో కొందఱు తామే రోగగ్రస్తులు కాగా, మిగిలినవారిపై భారము ఇంకను పెరిగెడిది.

కోవిడ్ రెండవ ఉద్ధృతి నాటికి ఈ సిబ్బంది కొఱత దాచరానిదయ్యెను. 2021 మే 3వ తేదీన కేంద్ర ప్రభుత్వము, వైద్యులు సేవకు అందుబాటులో నుండుటకై, నీట్-పీజీ పరీక్షను కనీసము 4 నెలలు వాయిదా వేసి, ఎంబీబీఎస్ చివరి సంవత్సర విద్యార్థులను అధ్యాపకుల పర్యవేక్షణమున ఫోను సలహాలకును, స్వల్పలక్షణములు గల రోగులను కనిపెట్టి చూచుటకును వాడుకొనవచ్చుననెను. 100 దినములు కోవిడ్ సేవ చేసినవారికి సర్కారు కొలువులలో ప్రాధాన్యమిచ్చెదమనెను.

డ్యూటీ దిగి వచ్చిన తల్లి మాత్రము గుమ్మము బయటనే బట్టలు నానవేసి, దూరమునుండియే బిడ్డను పలుకరించి, వేఱు గదిలోనికి పోయెడిది.