పిల్లలు నిదానమా? ముందు చేతికింది మౌస్ చూడండి

“ఈ పాపకు కంప్యూటరు పట్టుబడటం లేదు.”

హోసూరు ప్రాంతంలోని మా తెలుగు మాధ్యమ పాఠశాలలో ఏడో తరగతి చదివే ఒక అమ్మాయి గురించి మేం అనుకున్న మాట ఇది. తోటి పిల్లలు తెరమీద ఇల్లు గీసి, రంగులు కూడా నింపేసేవారు. ఆ అమ్మాయి మాత్రం మొదటి గోడ దగ్గరే ఆగిపోయేది. తల్లిదండ్రుల సమావేశంలో ఆ సంగతే వాళ్లమ్మకు చెప్పాం. ఆమె కాసేపు ఆలోచించి, “మా పాపది ఎడమచేతి వాటం సార్. కుడిచేత్తో ముగ్గు వేయమన్నా ఇంతే కదా!” అన్నారు.

మాకు సిగ్గనిపించింది. ఆ అమ్మాయి నోటుపుస్తకంలో ఎడమచేత్తో రాయడం రోజూ చూస్తున్నాం. ల్యాబ్‌లో మాత్రం మౌస్ కుడివైపు ఉంది కాబట్టి కుడిచేత్తోనే పట్టమన్నాం. మరునాడే మౌస్‌ను ఎడమవైపు పెట్టి, సెట్టింగ్స్‌లో ప్రధాన బటన్‌ను కుడికి మార్చాం. పైసా ఖర్చు లేదు. కొద్ది రోజులకే ఆ అమ్మాయి బొమ్మ కూడా అందరితోపాటు పూర్తయింది.

గురి ఎంత దూరం, ఎంత చిన్నది?

గోలీలాట తెలిసిన పిల్లలకు ఇది సులువుగా అర్థమవుతుంది. దగ్గరున్న పెద్ద గోలీని కొట్టడం తేలిక. దూరంగా ఉన్న చిన్న గోలీకి గురి చూడాలంటే సమయం పడుతుంది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లో ఈ సంగతినే లెక్కలో చెప్పారు. గురి దూరమయ్యేకొద్దీ, చిన్నదయ్యేకొద్దీ చెయ్యి అక్కడికి చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది.

పదేళ్ల తర్వాత, 1964లో, డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఆలోచన మేరకు బిల్ ఇంగ్లిష్ తొలి మౌస్ తయారుచేశారు. అదొక చెక్క డబ్బా. కింద రెండు చక్రాలు, పైన ఒకే బటన్. 1978లో బిల్ ఇంగ్లిష్ మరో ఇద్దరు పరిశోధకులతో కలిసి మౌస్‌ను, జాయ్‌స్టిక్‌ను, బాణం మీటల వంటివాటిని పోల్చి చూశారు. వేగంలో మౌస్‌దే పైచేయి. తప్పులు కూడా దానితోనే తక్కువ.

ఏది దేనికి పనికొస్తుంది?

ల్యాప్‌టాప్ టచ్‌ప్యాడ్ చిన్న పనులకు చాలు. దేన్నైనా పట్టి తెర ఆ చివరికి లాగాలంటే మాత్రం వేలు మధ్యలోనే అంచుకు తగులుతుంది. బొమ్మలు గీసే పిల్లలు విసుక్కునేది అక్కడే. అలాంటప్పుడు విడిగా ఒక మౌస్ తగిలిస్తే చాలు.

ట్రాక్‌బాల్‌లో పరికరం కదలదు, పైనున్న బంతిని వేళ్లతో తిప్పాలి. బల్లమీద చోటు లేనప్పుడు, భుజం కదపడం కష్టమైన పిల్లలకు ఇది ఉపయోగం. టచ్‌స్క్రీన్ చిన్నపిల్లలకు ఇట్టే అలవాటవుతుంది. కానీ నిలువుగా ఉన్న తెరను ఎక్కువసేపు తాకుతూ ఉంటే చెయ్యి లాగేస్తుంది.

తెలుగు రాయడానికి మౌస్ వద్దు

మన బడులకు ముఖ్యమైన సంగతి ఇది. కీబోర్డు మీద తెలుగు అక్షరాలు ఉండవు కాబట్టి, చాలామంది పిల్లలు తెరమీద కీబోర్డు తెరిచి ఒక్కో అక్షరాన్నీ మౌస్‌తో నొక్కుతారు. ‘తెలుగు’ అన్న మాటకే ఆరు నొక్కులు. ‘విద్యార్థి’కి పది. అంటే పదిసార్లు చిన్న గురిని వెతికి చేరుకోవాలి. మాట సగంలో ఉండగానే వాక్యం మరచిపోతారు. అది చూసినవారు “తెలుగు మాధ్యమం పిల్లలు ఇంతే” అనేస్తారు. పరికరం తెచ్చిన ఆలస్యాన్ని మనం పిల్లల మీద వేస్తే, బయటివాళ్లు భాష మీద వేస్తున్నారు.

దీనికి మందు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు. అచ్చులు, గుణింతాలు ఎడమచేతి కింద, హల్లులు ఎక్కువగా కుడిచేతి కింద ఉంటాయి. తెలుగు ‘క’ ఉన్న మీటే కన్నడం, ఒడియా, మరాఠీల ‘క’ కూడా. కాబట్టి ఇది ఒక్కటి నేర్చుకుంటే రాష్ట్రభాషకూ పనికొస్తుంది. మేం అక్షరాల పటం గీసి ల్యాబ్ గోడకు అంటించాం, రోజూ పది నిమిషాలు సాధన చేయిస్తున్నాం. మొదట్లో అందరూ తడబడ్డారు. ఇప్పుడు తెరమీది కీబోర్డు తెరిచేవారు తగ్గారు.

ఇంట్లో, బడిలో చేయదగినవి

* మౌస్ కీబోర్డు పక్కనే, అదే ఎత్తులో ఉండాలి. మణికట్టు వంగకూడదు. భుజం పైకి లేస్తుంటే కుర్చీ మీద దిండు వేయండి.
* పిల్లల అరచేతికి సరిపడే మౌస్ కొనండి. రెండువైపులా ఒకే ఆకారంలో ఉన్నదైతే ఏ చేతి వాటానికైనా సరిపోతుంది.
* నున్నని బల్లమీద బాణం గుర్తు గెంతుతుంటే మౌస్ కింద తెల్లకాగితం పెట్టి చూడండి.
* చేయి వణికే పిల్లలకు బాణం గుర్తును పెద్దది చేసి, వేగం తగ్గించండి. డబుల్ క్లిక్ వేగం కూడా తగ్గించవచ్చు.
* మౌస్ అసలు పట్టలేని పిల్లలకు విండోస్‌లో ‘మౌస్ కీస్’ ఉంది. దానితో అంకెల మీటలతోనే బాణం గుర్తును కదపవచ్చు.
* వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని, మణికట్టు నొప్పి అని పిల్లలు చెబితే బద్ధకం అనుకోకండి. వెంటనే పని ఆపించండి.

మా ల్యాబ్‌లో ఇప్పుడు ఒక కంప్యూటరుకు మౌస్ ఎడమవైపే ఉంటుంది. అక్కడ కూర్చోవడానికి ఆ అమ్మాయి మమ్మల్ని అడగనక్కర్లేదు. తర్వాత వచ్చే ఎడమచేతి వాటం పిల్లలూ అడగనక్కర్లేదు.