చిన్ననాటి కష్టము, పెద్దనాటి భయము

2021వ సంవత్సరము నవంబరు 19వ తేదీన నాటి కడప జిల్లా రాజంపేట ప్రాంతమున, చెయ్యేటిపై నున్న అన్నమయ్య జలాశయపు కట్ట తెగినది. పులపుత్తూరు, మందపల్లె, తొగురుపేట మొదలగు గ్రామములు వరదపాలైనవి. ఆనాటి వానలే తిరుపతి పట్టణమును కూడ ముంచెత్తినవి.

తిరుపతినుండి పుత్తూరు పోవు దారిలో వడమాలపేట కలదు. అటువంటి ఊరి ఉన్నత పాఠశాలలో ఒక తొమ్మిదవ తరగతి గదిని ఊహింపుడు. వరదను కన్నులార చూచిన పిల్లలు అందులో నలుగురు ఉన్నారనుకొనుడు. నెల తిరుగునప్పటికి ఇద్దరు మామూలుగా ఆటపాటలలో పడుదురు. ఒక బాలుడు చీటికిమాటికి తగవునకు దిగును. ఒక బాలిక ఉరుము వినబడగనే బిగుసుకొనిపోవును. తక్కిన వేళల నోరు మెదపదు. వరద ఒక్కటే. మరి ఈ భేదము ఎక్కడిది?

కారణము కొంతవరకు వరదకు చాల పూర్వమే, పసితనముననే ఏర్పడి యుండవచ్చును.

ఆపద ఎదురైనప్పుడు మెదడు అడుగున నున్న హైపోథలామస్, తన క్రిందనే వ్రేలాడు పీయూష గ్రంథికి ఒక రసాయనిక సందేశము పంపును. పీయూష గ్రంథి రక్తము ద్వారా, మూత్రపిండములపై టోపీలవలె అమరియున్న అధివృక్క గ్రంథులను హెచ్చరించును. అవి కార్టిసాల్ అను హార్మోనును విడుదల చేయును. రక్తములో చక్కెర పెరుగును. శరీరము పోరాటమునకో పరుగునకో సిద్ధమగును. పిమ్మట అదే కార్టిసాల్ మెదడులోని హిప్పోకాంపస్ అను భాగమును చేరి, ఇక చాలునని చెప్పును. ఆపద తీరినప్పుడు ఈ ఆపుదల జరుగుట ఎంతో ముఖ్యము. ఇంట నిత్యము కొట్లాట, నిరాదరణ, తల్లిదండ్రుల ఎడబాటు అనుభవించిన శిశువులలో కొందరికి ఈ యంత్రము బిగించిన తీగవలె నుండును, మరికొందరికి సడలిపోవును.

కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున మైకేల్ మీనీయు, ఆయన సహచరులును దీనిని ఎలుకలయందు పరిశీలించిరి. తల్లి ఎలుక పిల్లలను నాకుచు శుభ్రపరచును. తల్లిచే ఎక్కువగా నాకబడిన పిల్లలు పెద్దవైన పిదప, బెదరింపు కలిగినను త్వరగా శాంతించునని 1997లో తేలినది. ఇది పుట్టుకతో వచ్చిన గుణమేమో యని ఎవరైనను శంకింపవచ్చును. అందుచేత పిల్లలను తల్లులమధ్య మార్చి చూచిరి. అవి కన్నతల్లి పోలికను గాక, పెంచిన తల్లి పోలికను పొందినవి. ఈ ఫలితము 1999లో వెలువడినది. 2004లో మరియొక అడుగు పడినది. ఆదరణ కొరవడిన పిల్లల హిప్పోకాంపస్‌లో, ఆ హార్మోనును అందుకొను గ్రాహకమునకు సంబంధించిన జన్యువుపై మిథైల్ సమూహములు అంటుకొని దాని పనిని తగ్గించుచున్నవని కనుగొనిరి. జన్యువు మారలేదు, దానిపై మూత మాత్రము బిగిసినది.

మగ, ఆడ భేదమును గూర్చి ఇచ్చట ఒక చిత్రమైన సంగతి కలదు. తల్లి ఎలుక ఆడపిల్లలకంటె మగపిల్లలను ఎక్కువగా నాకునని సీలియా మూర్ 1979లోనే చూపినది. అనగా ఒకే గూటిలో పెరిగినను ఇరువురి బాల్యము ఒక్కటి కాదు! అయినను చాలకాలము పరిశోధకులు ఎక్కువగా మగ ఎలుకలనే వాడి, ఫలితములను ఉభయులకు అన్వయించిరి. ఆడవాటి హార్మోనుల చక్రము లెక్కలను చిక్కుపరచునని చెప్పుట పరిపాటి. చిక్కును విప్పవలసిన శాస్త్రము దానిని తప్పుకొని పోవుట విడ్డూరమే.

మనుష్యులలో, మొత్తముమీద దుర్ఘటనలకు గురియగువారు పురుషులే యెక్కువ. కాని దుర్ఘటన పిదప దీర్ఘకాలము నిలిచిపోవు మనోవేదన స్త్రీలలో సుమారు రెండింతలు. బాలికలు లైంగిక హింసకు ఎక్కువగా గురియగుట ఇందుకు కొంత కారణమే. కాని ఆ లెక్క తీసివేసినను భేదము పూర్తిగా పోదని 2006లో టోలిన్, ఫోవా అనువారు అనేక పరిశోధనలను కూర్చి చూపిరి.

2013లో అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకులు 64 మంది యువతీయువకుల మెదళ్ళను పరీక్షించిరి. బాల్యమున క్రూరముగా చూడబడినవారిలో, హిప్పోకాంపస్‌కును నుదుటి వెనుకనున్న మెదడుకును గల సంబంధము ఇరువురియందును సడలి యుండెను. భయమునకు కీలకమగు అమిగ్డలాతో గల సంబంధము మాత్రము యువతులలోనే సడలి యుండెను. నుదుటి వెనుక భాగము భయమునకు కళ్ళెము వంటిది గనుక ఈ భేదము గమనింపదగినది. 64 మంది కొద్దిమందియే. ఇవి సగటులే గాని ఏ ఒక్క బాలికకో బాలునకో వ్రాసిన జాతకము కాదు.

మన దేశపు పిల్లలను గూర్చిన పరిశీలన కూడ ఆరంభమైనది. బెంగుళూరులోని నిమ్‌హాన్స్ ముఖ్యపాత్ర వహించిన సీవేదా అను భారత బ్రిటిష్ పరిశోధనలో 6 మొదలు 23 ఏండ్ల వరకు గల 9,000 మందికి పైగా చేరిరి. మదనపల్లె సమీపమందలి ఋషివ్యాలీ పరిసరగ్రామములు ఇందులో ఒక కేంద్రము. బాల్యమున పడిన కష్టములను గూర్చి ప్రశ్నించుటయే గాక, కొందరి మెదళ్ళను చిత్రించుట కూడ జరిగినది.

తిరిగి ఆ తరగతి గదికి వచ్చినచో, తగవులాడు బాలుడు అందరి కంటను పడును. వాని వంతు బెత్తము. మౌనముగా నున్న బాలిక బుద్ధిమంతురాలని పేరు పొందును. ఇద్దరిలోను మ్రోగుచున్నది ఆగవలసిన వేళ ఆగని అదే గంట కావచ్చును. పెంపుడు తల్లి ఎలుక చేసిన పనిని కొంతవరకు ఆదరముగల ఏ పెద్దయైనను చేయవచ్చును. ఎలుకకును మనిషికిని భేదము చాల గలదన్నది వేరు మాట. భయము నెలకు మించి తగ్గక, నిద్రను చదువును చెరచుచున్నచో వైద్యుని సలహా అవసరము. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యపై ఫోను చేసినచో రుసుము లేకుండ తెలుగులోనే మాటలాడవచ్చును.